రేసు తగ్గని కారులో కిరండూల్ దాకా

బస్తర్ వెళ్ళొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "భయం వేయలేదా?" అని. వేసింది. దాచడమెందుకు! కాకపోతే వాళ్ళనుకునే భయం కాదు, మా కారు ఇంజను అరుపుకి వేసిన భయం.

ఈ కారును మా ఆయన పదిహేనేళ్ళు నడిపారు. కిందటేడు కళ్ళ డాక్టరు "ఇక స్టీరింగు ముట్టుకోవద్దు" అని ఖరాఖండిగా చెప్పాక, అది పాల్వంచలో మా ఇంటి ముందు కవరు కప్పుకుని కూర్చుంది. నేను అప్పటికే డ్రైవింగు నేర్చుకున్నాను, లైసెన్సూ ఉంది. కానీ నా ప్రయాణాలన్నీ నేను పాఠాలు చెప్పే బడి దాకా, లేకపోతే కూరగాయల మార్కెట్టు దాకా. ఆయన స్నేహితుడు రాఘవులు గారు వారానికోసారి ఫోను చేసి, ఆ కారు ధర కట్టి తనకిచ్చెయ్యమనేవారు. "బాగున్నప్పుడే ఇచ్చెయ్యడం మేలు" అని ఈయన. నేను మొండికేశాను. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. బస్తర్‌లో ఆ చివర కిరండూల్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు విజయ ఇంటికి నేనే నడుపుకుంటూ వెళ్ళాలి, నేనే నడుపుకుంటూ రావాలి. నా డ్రైవింగు వల్ల ఏ గొడవా రాకపోతే కారు మాది. వస్తే రాఘవులు గారిది.

యాభై మూడేళ్ళ వయసులో నాకు పరీక్ష! ఇన్నేళ్ళు పిల్లలకి పరీక్షలు పెట్టిన పాపం ఊరికే పోతుందా?

మార్చి చివరి వారంలో ఒకరోజు తెల్లవారి బయల్దేరాం. నేను ఇంటికి తాళం వేసి వచ్చేసరికి ఆయన బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉన్నారు. ఏం చేస్తున్నారంటే "నీళ్ళు చూస్తున్నా" అన్నారు. గోదావరి దాటి, భద్రాచలంలో వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దుమ్ముగూడెం దారి పట్టాం.

మరైగూడ

దుమ్ముగూడెం దాటాక మిరపకాయల బస్తాల లారీ ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని దాటడానికి యాక్సిలేటరు గట్టిగా తొక్కాను. దాటేశాక కాలు తీశాను. ఇంజను మాత్రం తగ్గలేదు. ఇంజను చుట్లు చూపే మీటరులో, మామూలుగా కాలు తీస్తే ఎనిమిది వందలకి దిగాల్సిన సూది రెండు వేల ఐదొందల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. గేరు మార్చడానికి క్లచ్ నొక్కితే ఇంకా గట్టిగా అరిచింది.

"కాలు తియ్యి," అన్నారు ఆయన.

"తీశాను."

"తీస్తే అంత అరుపెందుకు?"

"ఆ సంగతి కారునడగండి!"

కంగారులో యాక్సిలేటరు మీద మళ్ళీ ఒక తన్ను తన్నాను. సూది టక్కున కిందికి దిగింది. "చూశావా, ఇప్పుడు తీశావు, తగ్గింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కారునంటావేం?" అని ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టగానే వచ్చే మరైగూడలో ఆగింది ముత్తయ్య ఇంట్లో. వాళ్ళమ్మాయి నా దగ్గర చదువుకుంది. మేము చేరేసరికి ఇంజను మళ్ళీ కేకలు పెడుతోంది. కళ్ళంలో మిరపకాయలు ఎండబోస్తున్న ముత్తయ్య పరుగున వచ్చాడు.

"ఏంది మేడమ్, గాడీ ట్రాక్టరు లెక్క మొత్తుకుంటాంది?"

విషయం చెప్పాను. అతను సీట్లో కూర్చుని స్టార్టు చేశాడు. ఇంజను పిల్లి కూనలా గుర్రుమంది. రెండుసార్లు మెల్లగా రేసిచ్చాడు. ఇచ్చినంతసేపే పెరిగింది, వదలగానే తగ్గింది. డాక్టరు ముందు దగ్గు రాదంటారే, అచ్చం అలాగే.

"మా ట్రాక్టరుకైతే చెయ్యి రేసు ఉంటది. పెడితే పెట్టినకాడనే ఉంటది. మీ దానికి గసుంటిది ఏమన్న ఉన్నదా?"

"లేదు ముత్తయ్యా."

"మరి మీరు కూసుంటేనే అరుస్తాంది. మీరంటే భయమేమో, బడిపిల్లల లెక్క!"

అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు.

మనసు బాగుచేసింది భోజనమే. ముత్తయ్య భార్య ఎండు చేపలు, చింతచిగురు కలిపి వండింది. ముందుగా చల్లని అంబలి ఇచ్చింది. సుక్మా వైపు వెళ్తే దీన్నే పెజ్ అంటారట. ముత్తయ్య మాతో తెలుగు మాట్లాడుతూ, కళ్ళంలో పనివాళ్ళకి దోర్లీలో ఏదో పురమాయించి, ఫోను మోగితే తహసీలు వాళ్ళకి హిందీలో జవాబు చెప్పి, మళ్ళీ తెలుగులోకి వచ్చి "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నాడు. ఒక్క భాషకే గొంతు పోయే మా ఉద్యోగం గుర్తొచ్చి సిగ్గేసింది.

సాయంత్రం జీలుగు కల్లు వచ్చింది. ఆకు దొప్పలో పోసిచ్చి, తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద వదలమన్నాడు. పోయిన పెద్దలకి ముందు పోశాకే మనం తాగాలట. మా ఇంట్లో పెద్దలకి ఏడాదికోసారే పెడతాం, ఇక్కడ దొప్ప దొప్పకీ తలుచుకుంటారు. మా ఆయన రెండు దొప్పలు తాగి, "డ్రైవింగు మానేశాక దొరికిన లాభం ఇదొక్కటే" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. పదిహేనేళ్ళు కుడివైపు కూర్చున్న మనిషికి ఎడమవైపు సీటు ఎంత ఇరుకో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

సుక్మా

మర్నాడు కోంటా దాటాక ఒక జవాన్ల క్యాంపు దగ్గర గేటు పడి ఉంది. సరిగ్గా అక్కడే మా కారుకి మళ్ళీ పూనకం వచ్చింది. గేటు ముందు ఆగి, కాళ్ళు రెండూ క్లచ్చు, బ్రేకుల మీదే ఉన్నా, ఇంజను మాత్రం ఎగిరి దూకేట్టు అరుస్తోంది. జవాను తుపాకి సర్దుకుంటూ వచ్చాడు.

"మేడమ్, రేస్ క్యోఁ దే రహీ హైఁ? భాగ్‌నా హై క్యా?" రేసెందుకిస్తున్నారు, పారిపోతారా అని అడుగుతున్నాడన్నమాట.

"మైఁ నహీఁ, గాడీ దే రహీ హై," నేను కాదు, బండే ఇస్తోందని అన్నాను నా బడి హిందీలో.

అతను ఒక్క క్షణం నా మొహం చూసి ఫక్కున నవ్వాడు. ఇంజను ఆపేసి మళ్ళీ స్టార్టు చెయ్యమన్నాడు. చేస్తే మామూలుగా ఉంది. పొమ్మన్నాడు.

సుక్మాలో సంత రోజు. చింతపండు గుట్టలు, ఎండిన ఇప్పపువ్వు, టోపీల్లా బోర్లించిన కొత్త బుట్టలు. ఒక ముసలామె దగ్గర ఎర్ర చీమల చట్నీ దొప్ప ఇరవై రూపాయలకి కొన్నాను. పులుపు, కారం, ఆ వెనకాల ఏదో ఘాటు. మాకు పులుపంటే చింతపండు, మామిడికాయ. చీమలోనూ ఇంత పులుపుందని యాభై మూడేళ్ళకి తెలిసింది. మా ఆయన నాలిక చివర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొత్తం దొప్ప ఖాళీ చేశారు.

అక్కడే ఒక మెకానిక్కుకి కారు చూపించాం. అతను కారు నడిపి చూశాడు. మళ్ళీ పిల్లి కూనే! దిగి, నన్ను దాటుకుంటూ వెళ్ళి మా ఆయనతో మాట్లాడాడు. క్లచ్ ప్లేట్లు పోయాయట. మేడమ్ సగం క్లచ్చు మీదే కాలు పెట్టి నడుపుతున్నారట. విప్పితే రెండు రోజులట.

"క్లచ్చు జారితే ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకి లాగదు," అన్నాను. "మాది లాగుతోంది, లాగొద్దంటే కూడా లాగుతోంది. పైగా న్యూట్రల్లో పెట్టినా అరుస్తోంది. న్యూట్రల్లో క్లచ్చు ప్లేటుకేం పని?"

ఇదంతా డ్రైవింగు స్కూల్లో చెప్పిన పాఠమే. అతను మా ఆయన వైపు చూసి, పాపం మీరెలా భరిస్తున్నారన్నట్టు నవ్వాడు. నేను కారు తాళం లాక్కుని వచ్చేశాను. దారంతా ఆయన "మెకానిక్కు కంటే నీకెక్కువ తెలుసా?" అంటూనే ఉన్నారు.

గాదిరాస్ దారిలో

రాత్రి సుక్మాలో ఆగి, మర్నాడు పొద్దున్నే గాదిరాస్ మీదుగా దంతేవాడకి అడవి దారిలో వెళ్ళాం. తెల్లవారుజామునే లేచి ఆడవాళ్ళు ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుకుంటున్నారు. కిందటి రోజు ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకున్నట్టున్నారు, నల్లటి నేల మీద లేత పసుపు పువ్వులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కిటికీలోంచి తియ్యటి మత్తు వాసన. హాయిగా ఉంది, అన్నీ మర్చిపోయాను.

ఒక ఎత్తు ఎక్కడానికి గట్టిగా తొక్కాను. ఎక్కేశాక దిగుడు, దిగుడులో మలుపు. కాలు తీశాను. ఇంజను తగ్గలేదు. మూడో గేరులో కారు తనంతట తను ముందుకు దూకుతోంది. మలుపు తిరగ్గానే, నెత్తిన బుట్టతో ఒకామె రోడ్డు దాటుతోంది.

క్లచ్చు తొక్కాను. ఇంజను ఏనుగులా ఘీంకరించింది. బ్రేకు మీద ఒళ్ళంతా పెట్టి నిలబడ్డాను. తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పాను. కారు ఆగింది. ఆమెకీ మాకూ మధ్య మహా అయితే మూడు మూరలు.

ఆమె బుట్ట దించి, నా కిటికీ దగ్గరికి వచ్చి, గోండీలో కడిగేసింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా అర్థమైంది. తిడుతూ తిడుతూ, నేను బ్రేకు మీంచి కాలు కూడా తియ్యకపోవడం చూసింది. గొంతు తగ్గించింది. భుజానికి వేలాడుతున్న ఆనపకాయ బుర్ర తీసి, నా దోసిట్లో చల్లని పెజ్ పోసింది. తాగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఆమె ఇంకోసారి పోసి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన మొహం పాలిపోయింది. కోప్పడకుండా, మెల్లగా అన్నారు. "చాలు సుజాతా. ఇంటికెళ్ళగానే రాఘవులుకి ఇచ్చేద్దాం."

కోప్పడినా బాగుండేది. నిజంగానే నా కాలేనేమో, వయసు మీద పడి కాలు మాట వినడం లేదేమోనని మొదటిసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. కారు పోతే పోనీ, ఆ అనుమానం ఒంట్లో ఉండిపోతుందే అని దిగులు.

అయినా ముందుకి పోక తప్పదు, నడిపేది నేను తప్ప ఇంకెవరూ లేరు. గుడ్డు మీద కాలు పెట్టినట్టు మెల్లగా తొక్కుతూ ముప్ఫైలో పోనిచ్చాను. దంతేవాడ దాకా ఒక్కసారి కూడా అరవలేదు. అప్పుడు తట్టింది. మెల్లగా తొక్కితే రాదు, గట్టిగా తొక్కితేనే వస్తుంది. ముత్తయ్యా, సుక్మా మెకానిక్కూ మెల్లగానే తొక్కి చూశారు. ఈ మాట ఆయనతో చెప్పాలనిపించలేదు.

దంతేవాడ

దంతేశ్వరి అమ్మవారి గుడిలోకి మగవాళ్ళు ప్యాంటుతో వెళ్ళకూడదు, పంచె కట్టాలి. పెళ్ళిలో తప్ప పంచె కట్టని మనిషి మా ఆయన. అక్కడ ఇచ్చిన పంచె నడుముకి చుట్టుకుని, జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని నడిచారు. నమస్కారం ఎలా పెట్టడం? తల ఒక్కటే వంచారు. ఈ అమ్మవారు మన ఓరుగల్లు రాజుల వెంట వచ్చిందని చెబుతారు. పుట్టింటి మనిషిని చూసినట్టనిపించింది. ఏం మొక్కుకున్నావని బయటికొచ్చాక ఆయన అడిగారు. "నా కాలు నా మాట వినాలని," అన్నాను.

బచేలీ

విజయకి ఫోనులో గోడు వెళ్ళబోసుకుంటే, "బచేలీలో నాయుడు గారికి చూపించకుండా రావద్దు" అంది. నాయుడు గారిది విజయనగరం వైపు. అక్కడి ఇనుప గనిలో పెద్ద పెద్ద డంపర్లు బాగుచేసి రిటైరై, అక్కడే ఉండిపోయారు. ఇంటి ముందు రేకుల షెడ్డు. షెడ్డు, చెట్లు, కుక్క, అన్నిటి మీదా ఎర్రటి ఇనుప దుమ్ము. వాళ్ళావిడ పైడమ్మ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చారు. చోళ్ళంటే మన రాగులే.

మా ఆయన కథ మొదలుపెట్టారు. నాయుడు గారు రెండు ముక్కలు విని, చెయ్యడ్డం పెట్టి, నా వైపు తిరిగారు.

"నడిపినోలు మీరు కదేటమ్మా? మీరు సెప్పండి. ఎప్పుడొస్తాది?"

ఎప్పుడొస్తుందని మూడు రోజుల్లో నన్ను అడిగిన మొదటి మనిషి! గబగబా చెప్పేశాను. గట్టిగా తొక్కితేనే వస్తుంది, మెల్లగా అయితే రాదు, మళ్ళీ ఒక తన్ను తంతే పోతుంది, లేదా ఆపి స్టార్టు చేస్తే పోతుంది.

"అయితే బండి న్యూట్రల్లో ఎట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, గట్టిగా తొక్కీండి. భయపడకండి."

తొక్కాను. ఇంజను అరుపందుకుంది.

"ఇప్పుడు కాలు తీసి, కిందకి దిగిపొండి."

దిగాను. నలుగురం షెడ్డులో నిలబడ్డాం. లోపల ఎవరూ లేరు. కారు ఒక్కతే గొంతు చించుకుంటోంది.

"ఏటి బాబూ," అన్నారు నాయుడు గారు మా ఆయనతో, "ఇప్పుడా కాలు ఎవరిదంటారు?"

మా ఆయన ఖాళీ సీటు వైపు అలా చూస్తూ ఉండిపోయారు. నాకు గంతులేయాలనిపించింది. నా కాలు కాదు! వయసు కాదు! పైడమ్మ గారి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

నాయుడు గారు బానెట్ ఎత్తారు. ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం విప్పి పక్కన పెట్టారు. యాక్సిలేటరు తొక్కితే ఒక తీగ లాగుతుంది, ఆ తీగ చివర చిన్న చక్రం తిరిగి ఇంజనుకి గాలి వదులుతుంది, కాలు తీస్తే స్ప్రింగు ఆ చక్రాన్ని వెనక్కి తెస్తుంది. ఆయన అదంతా చూపిస్తూనే, గొట్టం చాటున చక్రం కిందికి రెండు వేళ్ళు పోనిచ్చి, ఒక్కసారి లాగారు. ఇంజను చప్పున శాంతించింది.

వేళ్ళ మధ్య, నల్లగా నూనె పట్టిన దారం. దారానికి కట్టిన పసుపు కొమ్ము. కొమ్ము మీద చక్రం కొరికిన గాట్లు.

"తీగకి కట్టీసినారు. గట్టిగా తొక్కినప్పుడల్లా ఈ కొమ్ము జారి సందులో పడి, సెక్రాన్ని ఎనక్కి రానీకుండా ఆపేస్తంది. మల్లీ తన్నితేనో, ఇంజను ఆపినప్పుడు అదిరితేనో ఊడొస్తంది. కంకణం ఎవరమ్మా కట్టింది? పూజ సేసిన పంతులుగారా?"

పంతులుగారు బానెట్ ఎత్తలేదు. బానెట్ ఎత్తింది ఎవరో నాకు తెలుసు. తిరిగి చూశాను. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నారు.

"నేనే," అన్నారు.

"మీరా! నీళ్ళు చూస్తున్నానన్నారు?"

"స్టీరింగుకి కడితే నీకు కనిపిస్తుంది. నా మీద నమ్మకం లేదా అని గొడవ పడతావు."

"లేదా మరి?"

"ఉంటే ఎందుకు కడతాను?"

ఏమనాలి ఈ మనిషిని? తిట్టడానికి నోరు తెరిచాను, నవ్వొచ్చేసింది. నవ్వుతూనే తిట్టాను. మూడు రోజులుగా నా కాలిని అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాను.

"ఊరుకోండమ్మా," అన్నారు నాయుడు గారు. "మా గ్యారేజీలో ఆయుధ పూజంటే డంపర్ల కాడ్నించి పానాల దాకా అన్నిటికీ దారాలు కట్టీసీవోరు. దండం ఎట్టుకున్నాక కోసేమంటే ఎవడికీ సెయ్యాడదు, దేవుడి దారం కదా. మర్నాడు పొద్దుట నా మొదటి డ్యూటీ బ్లేడుచ్చుకుని తిరగడమే. ఆ పాపం ముప్ఫయ్యేళ్ళు నానే మోసీసినాను. సారు బయమ్మీద కట్టీసినారు, అంతే."

దారం తెంపినందుకు డబ్బులేటి అని ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

కిరండూల్

బచేలీ నుంచి కిరండూల్ దాకా ఆయన నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను తనివితీరా అనుభవించాను.

మూడు రోజులు విజయ ఇంట్లో ఉన్నాం. కొండలు నల్లగా, మట్టి ఎర్రగా, వాన పడితే వాగులు కూడా ఎర్రగానే పారతాయట. ఇక్కడ తెల్లచీర కట్టడం దండగ అంటుంది విజయ. పక్కింట్లో శ్రీకాకుళం వాళ్ళు, ఎదురింట్లో ఒడియావాళ్ళు, వెనక ఇంట్లో ఛత్తీస్‌గఢీలు. ఒకరి వంటగదిలోంచి ఇంకొకరి వంటగదిలోకి గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి. కాలనీ ఆడవాళ్ళని కారులో ఎక్కించుకుని బజారుకి నేనే తీసుకెళ్ళాను. ఎత్తుల్లో గట్టిగా తొక్కాను. సూది ఎక్కింది, కాలు తీస్తే దిగింది. అంతకంటే కావలసిందేముంది?

తిరుగు దారి

కారు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఒప్పందం ప్రకారం గొడవైతే వచ్చింది. నా వల్ల రాలేదు, నిజమే. కానీ ఆ బుట్ట మనిషిని చూసిన భయం ఆయనలో ఇంకా ఉందేమోనని లోపల గుబులుగానే ఉంది.

కోంటాకి ఇవతల గేటు దగ్గర ఆగాం. ముందు నాలుగు లారీలు. ఇంజను ఎనిమిది వందల దగ్గర మెత్తగా తిరుగుతోంది. అప్పుడు ఆయన ఫోను మోగింది. రాఘవులు గారు.

"ఆ, వస్తున్నాం రాఘవులూ... కారా? ఆ మాట మర్చిపో. దీని రేసు తగ్గట్లేదయ్యా. అవును, కాలు తీసినా సరే... బస్తర్లో మెకానిక్కులందరికీ చూపించాం. ఎవరికీ అంతు చిక్కలేదు... వద్దొద్దు, తక్కువ ధరకి కూడా నీకొద్దు. ఇలాంటిది నీకంటగట్టి స్నేహం పాడుచేసుకోలేను. మేమే ఎలాగో పడతాం."

ఫోను జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు ముందున్న లారీ వెనక రాతలు చదువుతున్నారు. నేను ఆయన వైపు తిరిగి అడిగాను.

"అంత అబద్ధమెందుకు? బాగుంది, మా ఆవిడ నడుపుకుంటుంది, ఇవ్వనని చెప్తే సరిపోయేదిగా."

"చెప్పొచ్చు. దారిలో గొడవేమైనా వచ్చిందా, ఎందుకొచ్చిందని తరిచి అడుగుతాడు," అన్నారు. "అప్పుడు కట్టింది నేనేనని చెప్పాలిగా!"

గేటు లేచింది. నవ్వాపుకోలేక మొదటి గేరు వేశాను.